పేరమ్మ తాగని నీళ్ళు

చిన్నపోలయ్య తాగడు. ఈ ముక్క మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే పెళ్ళాన్ని కొట్టే మగవాడి సంగతి ఎత్తగానే వినేవాళ్ళు "పాపం, అంతా సారా పని" అని సగం తప్పు సారా మీదికి నెట్టేస్తారు. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పట్టపు జాలర్ల పాలెంలో దొంగసారా దొరికే గుడిసెలు రెండు ఉండేవి. వాటి వైపు చిన్నపోలయ్య తల తిప్పి చూసి ఎరగడు. తెల్లవారకముందే తెప్ప మీద సముద్రంలోకి పోయేవాడు, పొద్దు బారెడెక్కేసరికి తిరిగొచ్చేవాడు, వల ఆరేసి, చద్దన్నం తిని, మధ్యాహ్నం ఒక కునుకు తీసేవాడు. నలుగురిలో మెత్తగా మాట్లాడేవాడు. ముసలివాళ్ళ తెప్పలు ఇసుక మీదికి లాగాల్సి వస్తే పిలవకుండానే భుజం పెట్టేవాడు. అటువంటి మనిషి ఇంట్లోకొచ్చి తడిక వేశాక పెళ్ళాం పేరమ్మను కొట్టేవాడు. పులుసులో ఉప్పు చాలలేదని కొట్టేవాడు, ఎక్కువైందని కొట్టేవాడు, ఏ వంకా దొరకని రోజున "ఏం అట్టా చూస్తుండావు" అని కొట్టేవాడు.

పేరమ్మ బోగోలు దిక్కునుంచి ఆ పాలేనికి కాపురానికి వచ్చింది. పుట్టింటికి పోవాలంటే రెండు రోజుల దారి. తల్లీ తండ్రీ లేరు. ఉన్న ఒక్క అన్న తన సంసారమే ఈదలేక ఈదుతున్నవాడు. కాబట్టి దెబ్బలు తిని పోయి తల దాచుకునే చోటు ఆమెకు లేదు. ఈ సంగతి పేరమ్మ కంటే ముందు చిన్నపోలయ్యకే బాగా తెలుసు.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. మగవాళ్ళు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంటి ఆడవాళ్ళు కంటతడి పెట్టకూడదు. పెడితే అలలు లేస్తాయి, తెప్ప బోర్లపడుతుంది. తెల్లవారుజామున మొగుడు కొట్టి పోతే, తెప్ప తిరిగి వచ్చేదాకా ఏడుపు దిగమింగుకోవాలి. తిరిగొచ్చాక ఏడుద్దామంటే ఎదురుగా మళ్ళీ ఆ మొగుడే. ఇక ఏడవడానికి వేళ ఏదీ? కాపురానికొచ్చిన మూడేళ్ళలో పేరమ్మ ఏడవడం మానేసింది. పాలెంలో ఆడవాళ్ళు అది చూసి, గట్టి మనిషి అని మెచ్చుకునేవాళ్ళు.

ఇక నీళ్ళ సంగతి. పాలెంలో ఏ తగువు వచ్చినా పెద్దకాపు చెంచయ్య దగ్గరికి పోయేది. పెద్దకాపు అంటే కులపెద్ద, అతడి మాట దాటేవాళ్ళు లేరు. ఆయన వలలు దాచే పాక ముందు కూర్చుని రెండు వైపులా వినేవాడు. తప్పు చేసినవాణ్ణి నాలుగు మాటలు కడిగేవాడు. తర్వాత చెంబుతో నీళ్ళు తెప్పించి, అందులో చిటికెడు ఉప్పు వేసి, నష్టపోయిన మనిషి దోసిట్లో పోసేవాడు. ఆ మనిషి అవి తాగాలి. తాగితే తగువు కడుపులోకి పోయినట్టే. ఆ తర్వాత ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తకూడదు, ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పు. చేపల పంపకాల దగ్గర, చిరిగిన వలల దగ్గర వచ్చే తగువులకు ఈ కట్టుబాటు బంగారం లాంటిది. కొట్టుకున్న ఇద్దరూ రేపు ఒకే తెప్ప ఎక్కి పోవాలి గదా. కానీ చెంచయ్య మొగుడూ పెళ్ళాల తగువుకు కూడా అవే నీళ్ళు పోసేవాడు. ఆయనకు వేరే మందు తెలియదు.

పేరమ్మ మూడుసార్లు తాగింది. ఎడమ చెవి వినబడకుండా పోయినప్పుడు ఒకసారి. అయిదో నెల కడుపు పోయినప్పుడు రెండోసారి. మూడోసారి ఎందుకో పాలెంలో అందరికీ తెలుసుగానీ, నీళ్ళు తాగింది కాబట్టి ఎవరూ చెప్పరు. ఆ మూడోసారి తాగిన నీళ్ళు అక్కడే వాంతి అయిపోయాయి. చెంచయ్య చెడ్డవాడు కాదు. "పాపం, పేగులు చల్లబడినట్టు లేదు" అని కాసేపు ఆగి, మళ్ళీ పోశాడు.

యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు పొద్దున సముద్రం నుంచి వచ్చిన చిన్నపోలయ్య తెడ్డు కింద పెట్టకుండానే దానితో పేరమ్మ ఎడమ చేతి మీద కొట్టాడు. మోచేతికి మణికట్టుకు మధ్య ఎముక విరిగింది. ఆ చేత్తోనే ఆమె అన్నం వడ్డించింది. అతడు తిని పడుకున్నాడు. పక్కన వాళ్ళ కూతురు మాలకొండమ్మ, ఆరేళ్ళది, పడుకుని ఉంది. తండ్రి చెయ్యి ఆ పిల్ల మీద పడి ఉంది. మొగుడు ప్రేమగానే చెయ్యి వేశాడు, అది కూడా నిజమే. పేరమ్మ గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. పిల్లను లేపాలంటే ఆ చెయ్యి ఎత్తాలి. చెయ్యి ఎత్తితే అతడు లేస్తాడు. అతడు లేస్తే ఇక తను ఈ గుమ్మం దాటదు. రెండు రోజుల్లో వచ్చి పిల్లను తీసుకుపోదామని నిశ్చయించుకుని, కుడిచేత్తో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, అమ్మకానికి పోయేదాని మాదిరిగా తడిక తీసి బయటికి నడిచింది. కాలే ఇసుకలో, పాలేనికీ వాకాడుకూ అడ్డంగా ఉన్న కాలవ దాకా పోయింది. పడవ మీద అవతలికి దాటింది. వాకాడు దారిలో ఒక తుమ్మచెట్టు కింద పడిపోయింది.

ఆమెను లేవదీసింది రెబెక్కమ్మ. రెబెక్కమ్మ విధవరాలు, తెల్లకోక కట్టుకుని, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని, ఊరూరూ తిరిగి ఆడవాళ్ళకు క్రీస్తు మాటలు చెప్పే మనిషి. ఆ రోజు మాటలేమీ చెప్పకుండా బండి మాట్లాడి పేరమ్మను మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించింది. తర్వాత వాకాడు అవతల, ఊరివాళ్ళు ఎడంగా ఉంచిన పల్లెలో ఉన్న తన గుడిసెకు తెచ్చి పెట్టుకుంది. నాలుగు రోజులు ఏమీ అడగలేదు. గంజి కాచి పోసింది, తల దువ్వింది. అయిదోరోజు ఆదివారం. పూరికప్పు కింద పల్లెజనమంతా కూర్చుని పాటలు పాడుతుంటే పేరమ్మ రెబెక్కమ్మ చెంగు పట్టుకుని లాగింది.

"అక్కా, ఈడ ఏడవచ్చా?"

రెబెక్కమ్మకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. అర్థమైనప్పుడు, "ఏడువు తల్లే. మా దేవుడే ఏడ్చినోడు, ఎవురొద్దంటారు?" అంది. పేరమ్మ ఏడ్చింది. పాటలైపోయి జనం ఇళ్ళకు పోయినా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు కోసమే ఆమె ఆ దేవుడి దగ్గర ఉండిపోయిందని చెప్పినా తప్పు లేదు.

చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. మరుసటి ఏడాది పేరమ్మ బాప్తిస్మం తీసుకుంది. పాటలు నేర్చుకుంది, ప్రార్థన నేర్చుకుంది. కానీ అందరూ కలిసి చెప్పే ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్ళను మేము క్షమించినట్టు అనే చోటు వచ్చేసరికి పెదవులు బిగించేది. ఆ మాట దాటాక మళ్ళీ అందుకునేది. దేవుడి ముందర అబద్ధం ఎట్లా చెప్పేది? పక్కన కూర్చునే రెబెక్కమ్మ అది గమనించింది.

పల్లెకు ఉపదేశి సమాధానం అనే ఆయన. బడి చెప్పేదీ ఆయనే, ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే. సన్నగా, దగ్గుతూ, అందరికీ మంచి చేయాలని తాపత్రయపడే మనిషి. పేరమ్మ ఆయన దగ్గరికి పోయి, "అయ్యగారూ, నా బిడ్డను నాకు ఇప్పించండి" అని అడిగింది. రెండు రోజుల్లో వస్తానని పోయినది ఏడాది దాటిపోయింది. ఒంటరిగా పాలేనికి పోవడానికి కాళ్ళు రాలేదు. సమాధానం సరేనన్నాడు. ఇద్దరూ పోయారు.

వలల పాక ముందు పాలెమంతా కూడింది. చిన్నపోలయ్య ఉతికిన పంచె కట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. చూసినవాళ్ళకు జాలి పుట్టేటట్టు నిలబడ్డాడు. అతడి కాలి వెనక మాలకొండమ్మ పంచె పట్టుకుని తల్లిని చూస్తోంది. దగ్గరికి రాలేదు. చెంచయ్య చెంబు తెప్పించాడు.

"పేరమ్మా, జరిగిందేదో జరిగింది. ఈ నీళ్ళు తాగి ఇంట్లోకి పో. మొగుడు నీవోడే, బిడ్డ నీదే. తాగనంటివా, బిడ్డ దాని నాయనది. పాలెంలో నీకు చోటు లేదు."

పేరమ్మ సమాధానం వైపు చూసింది. ఏదైనా అడ్డం చెబుతాడని చూసింది. ఆయన పాపం, ఒక సంసారం నిలబడబోతోందని సంతోషపడుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "తాగమ్మా. క్షమించమనే గదా మన ప్రభువు చెప్పింది. తాగు" అన్నాడు.

ఆమె దోసిలి పట్టింది. చెంచయ్య పోశాడు. పేరమ్మ నీళ్ళను చూసింది, పిల్లను చూసింది, మొగుడి కుడిచేతిని చూసింది. ఆ చేతి వేళ్ళు పంచె అంచును మెల్లగా నలుపుతున్నాయి. కొట్టబోయే ముందు ఆ వేళ్ళు అట్లాగే కదలడం ఆమె పదేళ్ళుగా చూసింది. పేరమ్మ వేళ్ళు వదులైపోయాయి. నీళ్ళు ఇసుకలోకి కారిపోయాయి.

పాలెం ఆమెకు దురాయి వేసింది. అంటే ఆమె పాలెంలో అడుగు పెట్టకూడదు, పాలెం మనిషెవరూ ఆమెతో మాట్లాడకూడదు. తిరుగుదారిలో సమాధానం దగ్గుతూ ముందు నడిచాడు. తన వల్ల ఏమి జరిగిందో ఆయనకు తెలియదు. ఈమె మనసు ఇంకా రాయిలాగే ఉందే అని బాధపడుతున్నాడు, అంతే.

రెండు నెలలకు, రొట్టే రసమూ పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. బాప్తిస్మం పొందాక పేరమ్మకు అదే మొదటిసారి. రొట్టె ముక్క తీసుకుంది. తర్వాత ఎండుద్రాక్ష నానేసిన రసం గిన్నెలో పోసుకుని సమాధానం ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. ఒకే గిన్నె, అందరూ తాగాలి. పేరమ్మ దగ్గర ఆగి, గిన్నె ముందుకు చాచి, "తాగమ్మా" అన్నాడు. అదే మనిషి, అదే గొంతు, అదే మాట. పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి వెళ్ళిపోయింది.

పల్లె భగ్గుమంది. ఊరు తమను తాకదు, తమ బావిలో నీళ్ళు ముట్టదు. ఆ అవమానం తప్పించుకోవడానికే వాళ్ళ తాతలు ఈ దేవుడి నీడకు వచ్చారు. ఇప్పుడు తమ కంచాల్లో తిన్న మనిషి, ప్రభువు బల్ల దగ్గర తమ పెదవులు తాకిన గిన్నె తాగనంటుందా? "పట్టపోళ్ళకు మా ఎంగిలి పనికిరాదా? మా గంజి పనికొచ్చిందే!" అని ఒక ముసలామె బావి దగ్గర అందరూ వినేటట్టు అంది. రెబెక్కమ్మకు కూడా మనసు విరిగింది. మూడు రోజులు పేరమ్మతో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి అవతలికి జరిగేది. నాలుగోరోజు బియ్యం చెరుగుతూ, ఇక పట్టలేక, "నీకు మేం అంత అసింకమైపోయినామా పేరమ్మా?" అని అడిగేసింది.

పేరమ్మ బిత్తరపోయింది. "అసింకమా? ఎవురు చెప్పినారక్కా? అది తాగితే మళ్ళా ఆయన ఇంటికి పోవాల గదా. ఇంక ఎవురికీ చెప్పుకోకూడదు గదా. నువ్వు నన్ను ఏడవనిస్తివి, అది గూడా పోతాది గదా."

రెబెక్కమ్మ చేట కింద పెట్టింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పేరమ్మ చెప్పిన చెంబునీళ్ళ కథ అంతా విని అంది: "మీ కాపు నీళ్ళు మరిచిపోయేదానికి పోసినాడు. మా ప్రభువు అట్ట కాదే. ఆయన్ని గూడా కొట్టినారు, కొయ్యకు కొట్టి సంపినారు. నా దెబ్బలు మరవబాకండి, తలుచుకోని తాగండి అని పోయినాడు. నీ దెబ్బలు గూడా ఆ గిన్నెలోనే ఉండాయనుకో. మరిచిపొమ్మని ఎవురూ అడగరు. ఆయన దగ్గిర క్షమించడం యేరు, పోయి వాడి చేతికి మళ్ళా చెంప ఇచ్చేది యేరు."

"మరి అయ్యగారు తాగమన్నాడు గదా?"

"అయ్యగారికి పెళ్ళాముండాది గానీ, మొగుడు లేడు గదా. ఆయనకేం తెలుసు" అని రెబెక్కమ్మ లేచి, కొంగు దోపుకుని, నేరుగా సమాధానం ఇంటికి పోయింది. అక్కడ ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. ఆ ఆదివారం సమాధానం జనం ముందు నిలబడి, పాలెంలో ఆ రోజు తాను చెప్పిన మాట తప్పని, పేరమ్మ తనను మన్నించాలని చేతులు జోడించాడు. మగవాడు తనకు చేతులు జోడించడం పేరమ్మ ఎరగదు. ఏం చేయాలో తెలియక తానూ జోడించింది. మరుసటి నెల గిన్నె వచ్చినప్పుడు తాగింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! చెయ్యి అతికింది, ఏడుపు దొరికింది, గిన్నె తాగింది. కానీ బిడ్డ కాలవకు అవతలే ఉండిపోయింది.

పేరమ్మ నాట్లకు పోయింది, కోతలకు పోయింది, ఎండుచేపలు అమ్మింది. పని లేని రోజు కాలవ రేవులో కూర్చునేది. పాలెం ఆడవాళ్ళు తట్టలతో పడవ దిగి ఆమె ముందునుంచే పోయేవాళ్ళు. దురాయి ఉంది కాబట్టి ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. పక్కింటి మస్తానమ్మ మాత్రం తట్ట దించి, చేపలు సర్దుతున్నట్టు వంగి, ఆ చేపలతో మాట్లాడేది. "మాలకొండికి ఆటలమ్మ పోసింది, తగ్గింది." ఇంకోసారి, "మాలకొండి పొడుగైంది, పొయ్యి కాడ అదే చూసుకుంటోంది." చేపలతో మాట్లాడకూడదని కాపు చెప్పలేదు గదా. ఆ రెండు ముక్కల కోసం పేరమ్మ నెలనెలా వచ్చి కూర్చునేది. పిల్ల ఒంటి మీద దెబ్బలేమైనా పడుతున్నాయా అని తాను అడగడానికి లేదు, మస్తానమ్మ చేపలకు ఆ సంగతి చెప్పనూ లేదు. చెప్పలేదు కాబట్టి లేదని పేరమ్మ నమ్మింది. నమ్మకపోతే బతకడం కష్టం. "మాలకొండికి పెళ్ళి, ఈ పాలెంలోనే" అని చెప్పిన రోజు ఆమె చీకటి పడేదాకా రేవులోనే కూర్చుంది.

అరవై అయిదులో ఒక ఆదివారం, ప్రార్థనలో ఆ మాట దగ్గర పేరమ్మ పెదవులు బిగించడం మరిచిపోయింది. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. ఎవరో పక్కనుంచి పలికినట్టు ఉలిక్కిపడి చుట్టూ చూసింది. తానే. లోపల తడిమి చూసుకుంది. మొగుడి మీద కోపం ఉండాల్సిన చోట ఉత్త అలసట ఉంది. దీనికోసం ఏడేళ్ళు రోజూ ఏడ్చి అడిగింది కాబట్టి, దేవుడే చేశాడని నమ్మింది. రెబెక్కమ్మకు చెబితే ఆమె ఆ వంకర చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మరుసటి ఏడు రెబెక్కమ్మ జ్వరంతో పోయింది. పేరమ్మకు ఆ గుడిసె మిగిలింది.

అరవై ఏడులో వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పదిహేనేళ్ళ పిల్ల వచ్చి గుడిసె ముందు నిలబడింది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. మెడలో తాళి. పేరమ్మ చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడింది.

"నాయనకు బాగలేదు. నిన్ను చూడాలంటుండాడు. దురాయి తీసేసినారు" అంది మాలకొండమ్మ. అమ్మా అని పిలవలేదు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. పేరమ్మ ఆమె వెంట పోయింది.

చిన్నపోలయ్య కడుపు ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలై, చాప మీద ఉన్నాడు. పేరమ్మ చాప పక్కన కూర్చుంది. రెండేళ్ళుగా ఆ మాట ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. దారంతా దాన్ని మనసులో తిప్పుకుంటూ వచ్చింది.

"నేను నిన్ను క్షమించినాను" అంది.

అతడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దేనికిమే?"

పేరమ్మ తన వంకర చెయ్యి చూపించింది. చెవి చూపించింది.

"అయ్యన్నీ అప్పుడే అయిపాయ గదా" అన్నాడు చిన్నపోలయ్య, తెలియని పిల్లకు చెప్పినట్టు మెత్తగా. "మూడుసార్లు నీళ్ళు తాగితివి. నేను మళ్ళా ఎప్పుడన్నా ఆ మాట ఎత్తినానా? ఇల్లిడిచి పోయింది నువ్వు. నేనే నిన్ను క్షమించాల. సర్లే, క్షమించినాలే. ఆ కాళ్ళు పట్టు, తిమ్మిరెక్కినాయి."

ఏడేళ్ళు ఏడ్చి సంపాదించుకున్నది ఒకటి తెచ్చి ఇస్తే, తీసుకోవాల్సినవాడికి అదేమిటో కూడా తెలియలేదు. పేరమ్మకు ఒళ్ళు మండింది. లేచి బయటికి పోయి, పాక నీడన నిలబడింది. ఇచ్చిన క్షమ వెనక్కి తీసుకుందామని ఒక పూటంతా చూసింది, కానీ అది తిరిగి చేతికి రాలేదు. సాయంత్రం లోపలికి పోయి అతడికి గంజి పోసింది. క్షమించింది కాబట్టి పోసిందా, పాత అలవాటు వల్ల పోసిందా అంటే ఆమెకే తెలియదు. మూడోరోజు చిన్నపోలయ్య పోయాడు. మంచివాడని పాలెమంతా ఏడ్చింది.

కర్మ అయ్యాక ఆడవాళ్ళు తలల మీద నీళ్ళు పోసుకుని కోకలు మార్చుకుంటుంటే పేరమ్మ కూతురి వీపు చూసింది. కొన్ని వాతలు కొత్తవి, ఎర్రగా ఉన్నాయి. అవి అల్లుడి పని అని ఎవరైనా చెప్పగలరు. కొన్ని పాతవి, తెల్లబారి, చర్మంతో పాటు సాగి ఉన్నాయి. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు పడినవి. పేరమ్మ మస్తానమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు నాకు చెప్పలేదే?"

మస్తానమ్మ కళ్ళు తిప్పుకుంది. "ఎట్ట చెప్పేది? నువ్వు పోయినాక నీ వంతు దానికొచ్చింది. దానికీ నీళ్ళు పోసినారు. పోసినాక ఎట్ట చెప్పేదే?"

పేరమ్మ పోయి కూతురి ముందు కూర్చుంది. క్షమించడం గురించి పదేళ్ళుగా వింది, ఏడ్చింది, ప్రార్థించింది. ఆ లెక్కలో తాను ఎప్పుడూ దెబ్బలు తిన్న వైపే ఉంది. తప్పు చేసిన వైపు కూర్చోవాల్సి వస్తుందని ఒక్కనాడూ తోచలేదు. "బిడ్డా, నేను..." అని నోరు తెరిచింది. మాలకొండమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకపోవడం చెంచయ్య కంట పడింది. ముసలివాడైపోయాడు, తల వణుకుతోంది, మనసు మాత్రం అదే మంచి మనసు. నలుగురినీ పిలిచి చెంబు తెప్పించాడు. "బిడ్డను ఇడిసిపోయి తప్పు చేసినావు పేరమ్మా. మీ మతంలో గూడా క్షమించాలనే గదా చెప్తారు. మాలకొండీ, దోసిలి పట్టమ్మా."

మాలకొండమ్మ దోసిలి పట్టింది. వేళ్ళ సందుల్లో చుక్క కారకుండా, గట్టిగా, సరిగ్గా పట్టింది. ఆ పట్టిన తీరు చూస్తే ఆ చేతులకు అది ఎన్నోసారో తెలుస్తోంది. పేరమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. పిల్ల ఆ నీళ్ళు తాగితే చాలు, పదేళ్ళ బరువు దిగిపోతుంది. అమ్మా అని పిలుస్తుంది. ఎవరూ ఇక ఆ మాట ఎత్తరు. అంత తేలిక. చిన్నపోలయ్య చచ్చేదాకా హాయిగా నిద్రపోయింది ఈ తేలికలోనే గదా.

"వద్దు మామా. దానికి పొయ్యబాక" అంది పేరమ్మ.

"ఏందమ్మే? అది నిన్ను క్షమిస్తానంటే నీకొద్దా?"

"నేను చేసింది దాని కడుపులోకి పోగూడదు. బయటనే ఉండనీ."

చెంచయ్యకు కోపం వచ్చింది, పాలేనికి రోత పుట్టింది. కన్నబిడ్డ క్షమిస్తానంటే వద్దన్న తల్లి ఉంటుందా? మతం మారినాక మనసు కూడా బండబారిందని అన్నారు. మాలకొండమ్మ మాత్రం ఖాళీ దోసిలి అట్లాగే పట్టుకుని కాసేపు తల్లి ముఖంలోకి చూసి, చేతులు దించేసింది.

మర్నాడు పొద్దున పేరమ్మ బయలుదేరింది. "నాతో వస్తావా బిడ్డా?" అని అడిగితే కూతురు తల అడ్డంగా ఊపింది. మొగుడు సముద్రం నుంచి వచ్చేసరికి అన్నం వండాలంది. అయినా కాలవ రేవు దాకా నాలుగు బారల వెనకగా నడుచుకుంటూ వచ్చింది. పడవ అవతలి ఒడ్డున ఉంది. ఇద్దరూ ఇసుకలో ఎడంగా కూర్చున్నారు.

"నేను నిన్ను క్షమించలా" అంది మాలకొండమ్మ.

"ఊఁ."

"ఇంక ముందర క్షమిస్తానని గూడా చెప్పలేను."

"చెప్పబాక."

పడవవాడు అవతలి ఒడ్డున గడ తీశాడు. మాలకొండమ్మ చీరచెంగు వేలికి చుట్టుకుంటూ నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ పొద్దు నేను నిద్రపోలా. నాయన చెయ్యి కింద మేలుకోనే ఉండాను. నువ్వు గుమ్మం కాడ నిలబడి చూసింది నాకు తెలుసు. అమ్మా అంటే నాయన లేస్తాడు, లేస్తే నిన్ను పోనీడు. అందుకని కళ్ళు మూసుకుంటి. నువ్వు కాలవ దాటి ఉంటావులే అనుకున్నాక, అప్పుడేడ్చినా."